40 యూనిట్ల బ్యాటరీతో బెంగళూరు నుంచి ఊటీకి

నమస్కారం అండీ. మీరు అడిగినదాన్ని నేను అర్థం చేసుకున్న మేరకు ముందు ఒకసారి చెబుతాను, ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. మీరు మారతహళ్ళిలో ఉంటారు. ఆరు నెలల క్రితం 40 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు కొన్నారు. డిసెంబరు సెలవుల్లో మీ శ్రీమతి, ఇద్దరు పిల్లలు, అమ్మగారితో కలిసి ఊటీ వెళ్లి రెండు రాత్రులు ఉండి రావాలనుకుంటున్నారు. గెస్ట్‌హౌస్‌లో చార్జర్ లేదు, 15 ఆంపియర్ల సాకెట్ ఒకటి ఉందట. ఒకసారి నంది కొండ ఎక్కుతుండగా రేంజ్ అంకె కళ్ల ముందే పడిపోవడం చూసి అమ్మగారు బెంబేలెత్తిపోయారు కాబట్టి, ఈసారి అద్దెకు పెట్రోలు కారు తీసుకుందామా అని కూడా ఆలోచిస్తున్నారు. బండి ఘాట్ ఎక్కుతుందా, పైన చార్జింగ్ దొరక్కపోతే దిగి రావడం ఎలా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

మీ కారులోనే వెళ్లిరండి. అయితే లెక్కను కిలోమీటర్లలో వేయడం మానేసి యూనిట్లలో వేయడం అలవాటు చేసుకోండి. నేను ఐదేళ్లుగా బెంగళూరు నుంచి తిరుమల, ఏర్కాడు, ఊటీలకు ఎలక్ట్రిక్ కారులోనే వెళ్లివస్తున్నాను. మొదట్లో నన్ను ఇబ్బంది పెట్టినవన్నీ కిలోమీటర్ల అంకెను నమ్ముకుని వేసిన లెక్కలే.

కిలోవాట్ అవర్ అంటే మన ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే. మీ బ్యాటరీ 40 యూనిట్లదైనా, కారు వాడుకోనిచ్చేది 38 అనుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళితే ఈ తరగతి కారు 100 కిలోమీటర్లకు దాదాపు 13 యూనిట్లు తీసుకుంటుంది. ఇది మీకు అనుభవంలో ఉన్నదే. ఇక ఎత్తు సంగతి. కారు, మీరు ఐదుగురు, సామాను అంతా కలిపి 1,900 కిలోలు అనుకుంటే, ఆ బరువును 1,000 మీటర్లు పైకి లేపడానికి 5.2 యూనిట్లు కావాలి. అది బరువును, ఎత్తును గుణిస్తే వచ్చే లెక్క, ఏ కంపెనీ బండికైనా అంతే. మోటారులోనూ, బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చే ఇన్వర్టర్‌లోనూ పోయే భాగాన్ని కలుపుకుంటే 6 యూనిట్లు అవుతుంది. అంటే ప్రతి 100 మీటర్ల ఎత్తుకు 0.6 యూనిట్. ఇంకా సులువుగా గుర్తుంచుకోవాలంటే, 100 మీటర్లు పైకి ఎక్కడం చదును రోడ్డు మీద అదనంగా 5 కిలోమీటర్లు నడిపినదానితో సమానం.

నంది కొండ మీద అమ్మగారిని భయపెట్టినదేమిటో ఈ లెక్కతో తెలిసిపోతుంది. కొండ కింది నుంచి పైదాకా దాదాపు 8 కిలోమీటర్లలో 500 మీటర్ల ఎత్తు ఎక్కుతాం. ఎత్తుకు 3 యూనిట్లు, రోడ్డుకు 1 యూనిట్, మొత్తం 4. బ్యాటరీలో పదో వంతు మాత్రమే ఖర్చయింది. కానీ డ్యాష్‌బోర్డు మీది రేంజ్ అంకె మీరు గడచిన కొద్ది కిలోమీటర్లలో ఎంత వాడారో చూసి, ఇకమీదటా అలాగే వాడతారని అనుకుని లెక్కగడుతుంది. 8 కిలోమీటర్లకు 4 యూనిట్లంటే మామూలు వాడకానికి నాలుగింతలు. అందుకే 200 చూపించిన అంకె పది మలుపుల్లో సగానికి పడిపోతుంది. దిగేటప్పుడు అదే అంకె నమ్మశక్యం కానంతగా పెరుగుతుంది. రెండూ నిజం కావు. ఘాట్ మొదలయ్యే ముందే తెరను శాతం చూపించేలా మార్చేయండి. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెడితే, ప్రతి 100 మీటర్ల ఎత్తుకు ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా తగ్గుతుందని ముందే చెప్పి ఉంచండి. అనుకున్నట్టే తగ్గుతున్న అంకెను చూస్తూ కూర్చోవడం వేరు, ఎందుకు పడిపోతోందో తెలియకుండా చూడడం వేరు.

మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన దారి మీద ఇదే లెక్క ఎలా పనిచేస్తుందో చెబితే ఊటీ సంగతి ఇంకా తేలికగా అర్థమవుతుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. తిరుమల సుమారు 850 మీటర్లు. అంటే మనం కొండ ఎక్కి దర్శనానికి వెళ్తున్నామనుకుంటాం గానీ, కొండపైన ఉన్నప్పుడు కూడా మన ఇంటికన్నా కొంచెం కిందనే ఉంటాం. ఇక తిరుపతి పట్టణమైతే 160 మీటర్ల దగ్గరే ఉంది. కోలారు, ములబాగల్, పలమనేరు, చిత్తూరు మీదుగా వెళ్లేటప్పుడు మొత్తం మీద 740 మీటర్లు దిగుతాం, వచ్చేటప్పుడు అంత ఎత్తూ ఎక్కుతాం. పోయేటప్పుడు కలిసి వచ్చే 4 యూనిట్లు, వచ్చేటప్పుడు అదనంగా పడే 4 యూనిట్లు కలిస్తే రెండు ప్రయాణాల మధ్య దాదాపు 8 యూనిట్ల తేడా, అంటే మీ బ్యాటరీలో అయిదో వంతు తేడా వస్తుంది. తిరుపతికి ఒక్క చార్జింగుతో హాయిగా వెళ్లాం, అదే దారిలో అదే వేగంతో తిరిగొస్తే చాలలేదు, బ్యాటరీలో ఏదో లోపముందని నాతో చెప్పినవాళ్లు చాలామంది. బ్యాటరీలో లోపమేమీ లేదు. 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు రోజూ ఆ ఘాట్ ఎక్కి దిగుతున్నాయి. పోయిన ఏడాది మేము తిరుమల నుంచి దిగుతున్నప్పుడు పైన 52 శాతం ఉన్న చార్జ్ అలిపిరి చేరేసరికి 55 అయింది. మీకు వీలుంటే ఊటీకి ముందు ఒకసారి తిరుమల వెళ్లిరండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మీ కారు ఎంత తీసుకుంటుందో, ఎంత తిరిగి ఇస్తుందో ఒక కాగితం మీద రాసుకోండి. నేను చెప్పే అంకెలకన్నా మీ కారు అంకెలు మీకు ఎక్కువ పనికొస్తాయి.

ఇప్పుడు ఊటీ దారి. మారతహళ్ళి నుంచి మైసూరు దాకా సుమారు 160 కిలోమీటర్లు, అక్కడి నుంచి నంజనగూడు మీదుగా గుండ్లుపేటకు 60, గుండ్లుపేట నుంచి బందీపూర్, తెప్పకాడు, మసినగుడి మీదుగా ఊటీకి 70. ఇందులో అందరూ భయపడేది చివరి 30 కిలోమీటర్ల గురించి. చార్జ్ ఎక్కువ పోయేది మాత్రం మొదటి 160 కిలోమీటర్లలో. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్లకు వేగపరిమితి 100. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, 80కి బదులు 100లో వెళితే గాలిని చీల్చుకుపోవడానికి కిలోమీటరుకు ఒకటిన్నర రెట్లకు పైగా కరెంటు కావాలి. టాప్ మీద సామాను క్యారియర్ కట్టారంటే అది ఇంకా పెరుగుతుంది. మీ కారులో 80–85 వేగంతో మైసూరు చేరితే 21, 22 యూనిట్లు అవుతాయి, 100లో వెళితే 25 దాటవచ్చు. కొండ మీద మనం ఎంత జాగ్రత్తగా నడిపినా మిగలని 4 యూనిట్లు ఇక్కడ కాలు కాస్త పైకెత్తితే మిగులుతాయి, ఆలస్యమయ్యేది అరగంటలోపే.

నిండు చార్జ్‌తో ఉదయం 5 గంటలకు బయలుదేరితే 8 గంటల ప్రాంతంలో మైసూరులో 40 శాతం పైచిలుకుతో ఉంటారు. టిఫిను అక్కడే చేసి, డీసీ ఫాస్ట్ చార్జర్ మీద 90 శాతం దాకా పెట్టండి. చార్జర్ మీద 60 కిలోవాట్లని రాసి ఉన్నా మీ కారు తీసుకునేది తక్కువే, పైగా రెండు గన్నులు (కారుకు పెట్టే ప్లగ్గులు) ఉన్న చార్జర్‌లో పక్కన ఇంకో కారు ఉంటే శక్తి పంచుకుంటుంది. అందుకని గంట సమయం పెట్టుకోండి. మామూలు ప్రయాణాల్లో 80 శాతం తర్వాత చార్జింగ్ నెమ్మదిస్తుంది కనుక అక్కడే తీసేసి వెళ్లిపోమంటాను. ముందు కొండ ఉండి, దాని మీద గట్టి చార్జర్ ఉందో లేదో తెలియనప్పుడు మాత్రం ఆ ఆఖరి 10 శాతం కోసం మరో 15 నిమిషాలు కూర్చోవడం మంచిది. డిసెంబరు 24, 25 తేదీల్లో ఎక్స్‌ప్రెస్‌వేకి దగ్గరగా ఉన్న చార్జర్ల దగ్గర వరుసలుంటాయి. ఊరిలోకి నాలుగు కిలోమీటర్లు వెళ్తే ఖాళీగా దొరకవచ్చు.

మైసూరు నుంచి ఊటీ దాకా లెక్క చూడండి. గుండ్లుపేటకు 60 కిలోమీటర్లు, 8 యూనిట్లు. గుండ్లుపేట సుమారు 820 మీటర్ల ఎత్తున ఉంది, ఊటీ 2,240 మీటర్లు. 1,420 మీటర్ల ఎత్తుకు 8.5 యూనిట్లు, 70 కిలోమీటర్ల రోడ్డుకు తక్కువ వేగంలో 7.5 యూనిట్లు. మొత్తం 24. మీరు 90 శాతంతో, అంటే 34 యూనిట్లతో బయలుదేరారు. ఊటీలో 10 యూనిట్లు, పాతిక శాతం పైన మిగులుతుంది. మంచుపొగ, ట్రాఫిక్, దారి తప్పడం, ఏదైనా రోడ్డు మూసివేత, వీటన్నిటికీ ఆ పాతిక శాతం చాలు. ఊటీలో 15 శాతంకన్నా తక్కువతో చేరేలా లెక్క తేలితే మైసూరులోనో గుండ్లుపేటలోనో ఇంకొంచెం పెట్టుకుని కదలండి.

చార్జర్ల విషయంలో నేను ఎప్పుడూ పాటించే నియమం ఒకటుంది. ఏ చార్జర్ దగ్గరికి వెళ్తున్నా, అది పనిచేయకపోతే ఇంకో చార్జర్‌కు చేరేంత మిగిలి ఉండాలి. ఒకసారి ఒక కొండ ఊరిలో యాప్ ఖాళీగా ఉందని చూపించిన చార్జర్ దగ్గరికి 11 శాతంతో వెళ్లాను. చార్జర్ బాగానే ఉంది, కానీ ఊరంతా కరెంటు లేదు. మూడున్నర గంటలు చలిలో కూర్చున్నాం. అందుకే యాప్‌లో పచ్చగా కనిపించడం ఒక్కటే చూసుకోకుండా, ప్లగ్‌షేర్ లాంటి యాప్‌లలో చివరిసారి ఎవరు ఎప్పుడు అక్కడ చార్జ్ చేసుకున్నారో, ఏమని రాశారో చూడండి. నాలుగు రోజుల్లో ఒక్కరూ చేసుకోలేదంటే ఫోన్ చేసి కనుక్కోండి. అడవిలో సిగ్నల్ ఉండదు కనుక, చార్జింగ్ యాప్‌లు ఇంట్లోనే దించుకుని, ఓటీపీల తతంగం ముగించి, వాలెట్‌లో డబ్బు వేసి ఉంచుకోండి.

మీ ప్రయాణంలో చార్జ్‌కన్నా గట్టి హద్దు ఇంకొకటుంది. బందీపూర్ అడవి గుండా పోయే రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. 2009 నుంచి ఇది అమలులో ఉంది. అడవిలో బండి ఆపకూడదు, దిగకూడదు. ఉదయం బయలుదేరితే మీకు ఇబ్బంది లేదు. కానీ శుక్రవారం ఆఫీసయ్యాక బయలుదేరి, మధ్యలో చార్జర్ దగ్గర వరుసలో నిలబడితే గేటు మూసేసిన తర్వాత గుండ్లుపేట చేరతారు. అలా వెళ్లాలనుకుంటే ఆ రాత్రికి మైసూరులో ఉండి, తెల్లారి బయలుదేరండి. నీలగిరి జిల్లాలోకి వెళ్లడానికి 2024 మే నుంచి ఈ-పాస్ పద్ధతి వచ్చింది. సెలవుల రోజుల్లో చివరి క్షణం దాకా ఆగకుండా ముందే తీసుకోండి.

తెప్పకాడు దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎడమకు వంతెన దాటి మసినగుడి, కల్హట్టి మీదుగా 36 హెయిర్‌పిన్ మలుపులతో నేరుగా ఊటీ. కుడికి గూడలూరు, నడువట్టం, పైకారా మీదుగా 30 కిలోమీటర్లు ఎక్కువ, కానీ ఎక్కుడు మెల్లగా ఉంటుంది. చార్జ్ తక్కువని కల్హట్టిలోనే పొమ్మని కొందరు చెబుతారు. రెండు దారులూ చేరేది ఒకే ఎత్తుకు కాబట్టి ఎత్తు కోసం పెట్టే ఖర్చు రెండింటిలోనూ ఒక్కటే. తేడా అంతా ఆ అదనపు 30 కిలోమీటర్ల రోడ్డుది, 3 యూనిట్లు చిల్లర. అమ్మగారికి మలుపుల్లో కడుపులో తిప్పుతుందని మీరు రాశారు కాబట్టి, ఆ 3 యూనిట్లు మైసూరులోనే పెట్టుకుని గూడలూరు మీదుగా వెళ్లండి. ఘాట్‌లో మొదటిసారి నడిపేవారికి నేను ఎప్పుడూ ఇదే చెబుతాను.

కారు ఎక్కుతుందా అన్న ప్రశ్నకు అంకెల్లోనే జవాబు చెబుతాను. కల్హట్టి లాంటి ఎక్కుడులో 1,900 కిలోల బండిని గంటకు 30 కిలోమీటర్ల వేగంతో లాగడానికి 15 నుంచి 20 కిలోవాట్లు చాలు. మీ తరగతి కార్ల మోటార్లు 100 కిలోవాట్ల దరిదాపుల్లో ఉంటాయి. అంటే తన బలంలో అయిదో వంతుతోనే ఎక్కేస్తుంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి మామూలు పెట్రోలు ఇంజిన్ కొంత నీరసిస్తుంది, మోటారుకు ఆ బాధ లేదు. మలుపులో ఎదురుగా బస్సు వచ్చి ఆగవలసి వచ్చినా, క్లచ్ మీద కాలు పెట్టి వెనక్కి జారుతుందేమోనన్న భయం లేకుండా మళ్లీ కదలవచ్చు. జాగ్రత్త పడవలసింది వేడి విషయంలో. ముందున్న లారీలను దాటడానికి మాటిమాటికీ గట్టిగా తొక్కి, మలుపు దగ్గర గట్టిగా బ్రేకు వేసి, మళ్లీ తొక్కే పద్ధతిలో నడిపితే మోటారు, బ్యాటరీ వేడెక్కి కారు తనంతట తానే శక్తిని తగ్గించుకుంటుంది. అప్పుడు డ్యాష్‌బోర్డు మీద తాబేలు బొమ్మ కనిపిస్తుంది. కనిపిస్తే కంగారు పడకుండా రోడ్డు విశాలంగా ఉన్నచోట ఆపి 10, 15 నిమిషాలు ఆగండి. ఎకో మోడ్‌లో ఒకే వేగంతో ఎక్కితే ఆ అవసరమే రాదు. ఏసీ ఆపి అద్దాలు దించుకోవచ్చు, కానీ పొగమంచులో ముందు అద్దం మసకబారితే మాత్రం చార్జ్ కోసం వెనకాడకుండా డీఫాగర్ వేయండి.

ఇక గెస్ట్‌హౌస్ సాకెట్. ఈ ప్రయాణంలో నేను ఎక్కువ ఆలోచించేది దీని గురించే, ఎందుకంటే దారిలో మిగతావన్నీ మన చేతిలో ఉంటాయి, ఇంకొకరి ఇంట్లో గోడలోని వైరు మన చేతిలో ఉండదు.

15 ఆంపియర్ల సాకెట్ నుంచి గంటకు 3 యూనిట్లు, నష్టాలు పోను బ్యాటరీలోకి దాదాపు 2.7 చేరతాయి. రాత్రి 10 గంటల పాటు పెడితే 27 యూనిట్లు. పాతిక శాతంతో చేరిన కారు తెల్లారేసరికి 90కి పైన ఉంటుంది. కాగితం మీద ఇంత బాగుంటుంది. వాస్తవంలో కొండ ఊళ్లలో పాత ఇళ్ల వైరింగ్ రాత్రంతా ఎడతెగకుండా 13, 14 ఆంపియర్లు మోయడానికి వేసినది కాదు. గీజరు అరగంట నడుస్తుంది, ఆగుతుంది. కారు పదిగంటలు లాగుతూనే ఉంటుంది. నేను ఒక చోట రాత్రి 11 గంటలకు ప్లగ్ పెట్టి పడుకున్నాను. ఏదో అనుమానం వచ్చి ముప్పావు గంటకు లేచి చూస్తే, తెల్లటి సాకెట్ మూత కుడి రంధ్రం చుట్టూ టీ మరకలా గోధుమరంగు వచ్చింది, ప్లగ్ చేత్తో పట్టుకోలేనంతగా కాలుతోంది. స్విచ్ ఆపి ప్లగ్ లాగితే ఒక పిన్ను నల్లబడి ఉంది. లోపల స్క్రూ వదులుగా ఉండడం వల్ల వచ్చిన వేడి అది. ఇంకో రెండు గంటలు నిద్రపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోవడం ఇష్టముండదు. అప్పటి నుంచి ఎక్కడ ప్లగ్ పెట్టినా అరగంటకు ఒకసారి, గంటన్నరకు ఇంకోసారి వెళ్లి చేత్తో తాకి చూస్తాను. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. కాలుతుంటే తీసేయడమే. కొన్ని కార్లలో, కొన్ని చార్జర్లలో కరెంటును 10 ఆంపియర్లకు తగ్గించుకునే వీలుంటుంది. మీ దానిలో ఉంటే పైన అదే వాడండి. నెమ్మదిగానైనా రాత్రికి 20 యూనిట్లు వస్తాయి, మీకు అంతకన్నా అవసరం లేదు.

ఎర్త్ సరిగా లేకపోతే చార్జర్ ఎర్ర దీపం చూపించి చార్జింగ్ మొదలు పెట్టదు. కొందరు ఎర్త్ లేకుండానే పనిచేయించే అడ్డదారులు చెబుతారు. పిల్లలు తిరిగే చోట, మంచుకు తడిసిన నేల మీద, ఆ పని ఎన్నడూ చేయవద్దు. బజారులో దొరికే మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా వద్దు. సాకెట్ కారు నిలిపే చోటికి అందుతుందో లేదో ముందే అడగండి, ఎందుకంటే వాళ్లు ఉందన్న సాకెట్ మొదటి అంతస్తు వంటగదిలో ఉండే అవకాశమూ ఉంది. సాయంత్రం, తెల్లవారుజామున గీజర్లన్నీ నడిచే వేళ వోల్టేజీ పడిపోవచ్చు, లోడు ఎక్కువై ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతట అదే ఆపేసే స్విచ్) ట్రిప్ కావచ్చు కాబట్టి, రాత్రి 10 తర్వాత మొదలుపెట్టడం మంచిది. పొద్దున్నే వెళ్లేటప్పుడు వాడుకున్న యూనిట్లకు లెక్కగట్టి 300 రూపాయలైనా వాళ్ల చేతిలో పెట్టండి. తర్వాత వచ్చే ఎలక్ట్రిక్ కారువాళ్లకు ఆ సాకెట్ ఇస్తారా లేదా అన్నది మనం ప్రవర్తించిన తీరును బట్టే ఉంటుంది.

ఊళ్లో తిరగడానికి దొడ్డబెట్ట, కూనూరు కలిపి రోజుకు 15 నుంచి 20 శాతం పక్కన పెట్టుకోండి. దొడ్డబెట్ట 2,637 మీటర్లు, ఊటీ నుంచి ఇంకో 400 మీటర్లు ఎక్కాలి. కూనూరుకు వెళ్లేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు అంతే ఎక్కుడు. రెండో రాత్రి మళ్లీ ప్లగ్ పెడితే సరిపోతుంది.

దిగడం గురించి మీరు చార్జ్ కోణంలోనే అడిగారు. నేను బ్రేకుల కోణంలో కూడా చెప్పాలి. కారు దిగుతున్నప్పుడు మోటారు జనరేటరులా తిరిగి బ్యాటరీలోకి కరెంటు పంపుతుంది, ఆ పనిలోనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. దాన్నే రీజెన్ అంటాం. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటు పోవడానికి చోటుండదు, రీజెన్ పనిచేయదు. మూడేళ్ల క్రితం జనవరిలో ఏర్కాడులో గెస్ట్‌హౌస్ సాకెట్ బాగా పనిచేసిందన్న సంతోషంతో 100 శాతం చార్జ్ చేసి, ఉదయం 7 గంటలకు నేరుగా సేలం ఘాట్ దిగడం మొదలుపెట్టాను. అక్కడ ఊరు దాటగానే దిగుడే, 20 హెయిర్‌పిన్ మలుపులు. కాలు ఎత్తినా బండి ఆగడం లేదు, న్యూట్రల్‌లో జారుతున్నట్టు పోతోంది. బ్రేకు మీద కాలు తీయకుండా ఆరేడు మలుపులు దిగేసరికి కాలిన వాసన వచ్చి మా అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది, బ్రేకు పెడల్ అంతకు ముందుకన్నా లోతుకు పోతోంది. ఆపి దిగి ముందు చక్రం దగ్గరకు జానెడు దూరంలో చెయ్యి పెడితే పొయ్యి ముందు పెట్టినట్టుంది. నీళ్లు పోయకుండా, దానంతట అదే చల్లారేదాకా అరగంటకు పైగా అక్కడే నిలబడ్డాం. తప్పు పూర్తిగా నాది.

అందుకని పైన 85, మహా అయితే 90 శాతం దగ్గర చార్జింగ్ ఆపేయండి. కారులో ఆ హద్దు పెట్టే సదుపాయం లేకపోతే టైమర్ లెక్కతో ప్లగ్ తీసేయండి. చలికి బాగా చల్లబడిన బ్యాటరీ కూడా కరెంటును వెంటనే తీసుకోలేదు. డిసెంబరులో ఊటీ తెల్లవారుజామున బాగా చల్లగా ఉంటుంది కనుక, మొదటి కొన్ని కిలోమీటర్లు రీజెన్ మందంగా అనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. మీ అదృష్టం కొద్దీ గూడలూరు దారిలో ఊటీ నుంచి నడువట్టం దాకా ఎక్కుడు దిగుళ్లు కలిసి ఉంటాయి, అసలు దిగుడు ఆ తర్వాతే. అప్పటికి బ్యాటరీ కాస్త వేడెక్కి, కొంత ఖాళీ అయి ఉంటుంది. అక్కడి నుంచి రీజెన్‌ను గట్టి స్థాయిలో పెట్టి, మలుపులకు ముందు మాత్రం బ్రేకు వాడండి. కల్హట్టి ఘాట్ మీదుగా బయటి బండ్లను దిగనివ్వరు కాబట్టి తిరుగు ప్రయాణానికి మీకు గూడలూరు దారే.

చార్జ్ లెక్క ఇలా ఉంటుంది. ఊటీ నుంచి గూడలూరుకు 50 కిలోమీటర్లు, 1,170 మీటర్ల దిగుడు. ఆ దిగుడు ఇచ్చే 6 యూనిట్లు రోడ్డు ఖర్చుకు సరిపోతాయి కాబట్టి, ఊటీలో ఎంత శాతంతో బయలుదేరారో గూడలూరులో ఇంచుమించు అంతే ఉంటుంది. అక్కడి నుంచి గుండ్లుపేటకు 6 యూనిట్లు, మైసూరుకు ఇంకో 8. అంటే పైన 60 శాతం ఉన్నా మైసూరుకు 20 శాతంపైన మిగుల్చుకుని చేరతారు. సాకెట్ ఒక రాత్రి మాత్రమే, అదీ 10 ఆంపియర్లే దొరికినా మీకు సరిపోతుందని నేను అన్నది ఇందుకే. అసలు చార్జింగే దొరకలేదనుకుందాం. పాతిక శాతంతో చేరిన బండిని పైన తిప్పకుండా నిలిపి ఉంచి, అదే పాతికతో దిగితే గుండ్లుపేట దాకా ఎలాగో రావచ్చు. కానీ అడవి మధ్యలో 10 శాతంతో కుటుంబాన్ని కూర్చోబెట్టుకుని రావడం వద్దు. అలాంటి పరిస్థితి వస్తే ఆ మధ్యాహ్నమే ఊళ్లో ఏదైనా హోటల్లో చార్జర్ వెతుక్కుని 50 శాతం దాకా పెట్టుకోండి.

బండి ఎక్కడైనా ఆగిపోతే మామూలు తాడుతో కట్టి లాగించవద్దు. మోటారుకు కలిసిన చక్రాలు నేలమీద తిరిగితే మోటారు, ఇన్వర్టర్ దెబ్బతింటాయి. నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్ బండి కావాలి, కొండమీదికి అది రావడానికి గంటలు పడుతుంది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరు ఫోన్‌లోనే కాక కాగితం మీద కూడా రాసి ఉంచుకోండి. టైర్లలో గాలి బయలుదేరే ముందు రోజు ఇంటి దగ్గర చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి.

ఈ వారంలో మీరు చేయవలసిన పని ఒకటే. గెస్ట్‌హౌస్ వాళ్లకు ఫోన్ చేసి, ఆ సాకెట్‌ను, అది ఉన్న గోడను, కారు నిలిపే చోటును కలిపి ఒక ఫోటో, ఎంసీబీ పెట్టె ఫోటో ఇంకొకటి పంపమని అడగండి. మూడో పిన్ను రంధ్రం ఉందా, దగ్గర్లో మసి మరకలున్నాయా, ఎంసీబీ మీద 16 అని ఉందా 6 అని ఉందా చూడండి. మీకు తేలకపోతే ఆ రెండు ఫోటోలూ, మీ కారు పోర్టబుల్ చార్జర్ మీది లేబుల్ ఫోటో నాకు పంపండి, ఎన్ని ఆంపియర్లకు పెట్టుకోవాలో చూసి చెబుతాను.